కాకా, హామూర్ చేపా

కాక పోయాడని శుక్రవారం పొద్దున ఫోనొచ్చింది. చేసినవాడు ఆయన ఊరి మేస్త్రి, ఇప్పుడు ఇక్కడే సౌదీలో, బురైదాలో పని చేస్తున్నాడు. "భాయ్, మన కాక సచ్చిపోయిండు. నిన్న పగటీలి తిని గోడకు ఒరిగిండట, మల్ల లెవ్వలే" అన్నాడు. నేను మా అమ్మాయి బట్టలు ఇస్త్రీ చేస్తున్నాను. ఎవరు పోయారని మా ఆవిడ వంటింట్లోంచి అడిగింది. "మా కంపెనీలో ప్లంబర్ ఉండేవాడు" అన్నాను. అబద్ధం కాదు గాని, చెప్పగానే ఏదో దాచినట్టు అనిపించింది.

ఆయనకు ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కార్డు మీద ఒక పేరుండేది. ఆ పేరుతో పిలిస్తే పక్కవాడు భుజం తట్టేదాకా పలికేవాడు కాదు. జెద్దాలో మా క్యాంపులో ఉన్న తెలుగువాళ్ళందరికీ ఆయన కాక. మలబారు నుంచి వచ్చినవాళ్ళు కూడా తమ భాషలో అన్నయ్యను అట్లాగే అంటారట, వాళ్ళకూ కాకే. పాకిస్తాన్ పంజాబీలు మాత్రం పిలిచినప్పుడల్లా నవ్వేవాళ్ళు. వాళ్ళ మాటల్లో కాకా అంటే చంటిపిల్లాడు. ఆ సంగతి తెలిసినా ఆయన చిన్నబుచ్చుకోలేదు. "మంచిదే గదా. పిల్లగాన్ని ఎవ్వడు కొట్టడు" అన్నాడు.

నేను రాయచోటి దగ్గరివాణ్ణి. ఇంట్లో ఉర్దూ, బళ్ళో తెలుగు, ఇరవయ్యేళ్ళుగా ఇక్కడ స్టోర్ కీపర్ పని. మా ఆవిడా అమ్మాయీ వచ్చేదాకా నేనూ క్యాంపులోనే ఉండేవాణ్ణి. బిల్డింగుల మరమ్మతులు చేసే కంపెనీ మాది. పొద్దున ఆరుకల్లా మనుషులు స్టోరు కిటికీ ముందు వరసగా నిలబడి ఆ రోజుకు కావలసిన సామాన్లు అడిగేవాళ్ళు. అందరూ చీటీ తెచ్చేవాళ్ళు, కాక చెయ్యి తెచ్చేవాడు. బొటనవేలూ చూపుడువేలూ ఎడం చేసి "తమ్మీ, గింత ఎల్బో రెండు, గింత సాకెట్ ఒకటి" అనేవాడు. మొదట్లో నమ్మకం లేక నేను టేపు పెట్టి కొలిచేవాణ్ణి. ముప్పావు అంగుళం అంటే ముప్పావు అంగుళమే. పదిసార్లు కొలిచాక టేపు సొరుగులో పడేశాను. గోడలో నీళ్ళు ఎక్కడ కారుతున్నాయో మిషన్లు పెట్టి వెతుకుతుంటే ఆయన వచ్చి గోడకు చెవి ఆనించి, వేలితో ఒకచోట గీత గీసి వెళ్ళిపోయేవాడు. అక్కడ పగలగొడితే అక్కడే ఉండేది తడి.

అట్లాంటి మనిషికి తన మాట మీద గట్టి నమ్మకం ఉండటంలో వింతేముంది? ఆయనకు వచ్చిన అరబీ ఇరవై మాటలు. నాకు వేలల్లో వచ్చు. కానీ ఆఫీసుకో దుకాణానికో వెళితే మనిషి తిరిగి చూసేది ఆయన వైపే. "నీకు చానా మాటలు అస్తయి, గొణుగుతవ్. నాకు ఇరవయ్యే. గట్టిగ అంట" అని నవ్వేవాడు.

జీతాలు పడ్డాక వచ్చే శుక్రవారం మావాళ్ళు పది పదకొండు మంది కలిసి చేపల హోటల్‌కు పోయేవాళ్ళు. ఒకసారి డ్రైవరు సెలవులో ఉంటే వ్యాన్ నేను తోలుకెళ్ళాను. ఆ తర్వాత డ్రైవరున్నా నేనే తోలేవాణ్ణి. సముద్రపు ఒడ్డున కాసేపు తిరిగి, జుమా నమాజు అయ్యాక నేను మసీదు నుంచి రాగానే హోటల్‌కు చేరేవాళ్ళం. పాతకాలపు హోటల్. గుమ్మం దాటగానే మంచు పరిచిన పెద్ద అరుగు, దాని మీద చేపలు. మనకు నచ్చింది చూపిస్తే తూచి, మనం చెప్పినట్టు కాల్చడమో వేయించడమో చేస్తారు. లోపల నేల మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం పరిచి పెద్ద పళ్ళెంలో ఎర్రటి అన్నం, దాని మీద వేయించిన చేప, చుట్టూ ఆలుగడ్డ వేపుడు ముక్కలు, పక్కన గిన్నెలో చింతపండు పులుసు తెచ్చిపెడతారు. చింతపండు ఇక్కడిదాకా ఎట్లా వచ్చిందో గాని, మొదటిసారి రుచి చూసిన రోజు కాక గిన్నె ఎత్తి తాగేశాడు. ఆలుగడ్డలు చూసి మాత్రం "దీనికి గింత సోకా?" అన్నాడు. అన్నవాడే ప్రతిసారీ ముందు వాటినే పులుసులో ముంచి ఖాళీ చేసేవాడు.

హోటల్ యజమాని ముసలి సౌదీ, గల్లా దగ్గర కూర్చునేవాడు. బాబాయి అన్న అర్థంలో అందరూ ఆయన్ని 'అమ్' అనేవాళ్ళు. కాకకు ఆ మాట తెలిసిన రోజు నవ్వు ఆగలేదు. "గడ్డమున్నోన్ని పట్టుకోని అమ్మ అంటరేందిరా!" చేపలు తూచి, కోసి, వేయించేది ఒక బంగ్లాదేశ్ మనిషి. నలభై దాటి ఉంటాయి. సన్నగా, తక్కువ మాటలతో, చేయి మాత్రం చకచకా ఆడేది.

చేప ఎంచేది కాక పని. ఇంకెవరూ చేయి పెట్టకూడదు. శ్రీరాంసాగర్ దగ్గరి చెరువుల్లో తాతల నుంచి వలలు వేసిన ఇల్లు ఆయనది. చొక్కా పై గుండీ పెట్టుకుని, చేతులు కడుక్కుని, పెళ్ళిచూపులకు వచ్చినవాడిలా అరుగు ముందు నిలబడేవాడు. కన్ను చూసేవాడు. బొటనవేలితో మొప్ప ఎత్తేవాడు. పొట్ట నొక్కేవాడు. చివరికి మణికట్టు దగ్గర చర్మాన్ని చేపకు ఆనించి కళ్ళు మూసుకునేవాడు. అప్పుడు గాని "ఇది" అనేవాడు కాదు. "శాప అవద్దమాడది, అమ్మెటోడు ఆడుతడు" అని మాకు పాఠం. తినేటప్పుడు ఎవరైనా నోరు తెరిస్తే ఇంకో పాఠం: "మాట్లాడకుండ తిను. ముల్లు ఇంటది."

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ రోజు ఆయన ఇవేవీ చేయలేదు.

ఆ శుక్రవారం జనం ఎక్కువ. పిల్లల్తో వచ్చిన కుటుంబాలు అరుగు ముందు నిలబడి ఉన్నాయి. మంచు అంచున ఎవరో అప్పుడే తిరగేసిన పెద్ద హామూర్ చేప ఒకటి, పైకొచ్చిన పక్కంతా మంచు పలుకులతో పడుకుని ఉంది. కాక గుమ్మంలోంచే దాని కన్ను చూశాడు. తెల్లగా మసకబారి ఉంది. అంతే, వేలు చూపించి తన ఇరవై మాటల్లోంచి ఐదు తీసి గట్టిగా అన్నాడు.

"హాదా సమక్ మౌత్ అవ్వల్ అమ్స్!"

ఈ చేప మొన్ననే చచ్చింది అని. హోటలంతా తిరిగి చూసింది. బంగ్లాదేశ్ మనిషి మొహం మాడిపోయింది. "నహీ భాయ్, ఆజ్ సుబహ్ కా హై" అంటూ చేపను రెండు చేతులతో ఎత్తి, ఈ పొద్దున పట్టిందేనని చూపించడానికి మొప్ప తెరిచాడు. కాక అప్పటికే మావైపు తిరిగి తలాడిస్తున్నాడు. "కన్ను చెప్తనే ఉంది. ఇగ చూసేదేంది?"

ఒకామె పిల్లల్ని చేయి పట్టుకుని బయటికి నడిచింది. ఆమె వెనక ఇంకో కుటుంబం. యజమాని గల్లా దగ్గర్నుంచి లేచి వచ్చాడు. చేపను చూడలేదు, వెళ్ళిపోతున్నవాళ్ళను చూశాడు. బంగ్లాదేశ్ మనిషితో పళ్ళ మధ్య నుంచి ఒకటే మాట అన్నాడు. "ఖలాస్. బుక్రా లా తీజీ."

ఇక చాలు, రేపట్నుంచి రావద్దు అని. ఆ మాట మావాళ్ళలో అర్థమైంది నాకొక్కడికే. నేను ఎవరికీ చెప్పలేదు. కోపంలో అన్నాడులే, సాయంత్రానికి చల్లబడతాడులే అనుకున్నాను. యజమాని మాకు వేరే చేప వేయించి, ఆలుగడ్డలు ఇంకో పళ్ళెం నిండా పెట్టించాడు. అందరూ కాకను మెచ్చుకుంటూ తిన్నారు. నేనూ తిన్నాను.

క్యాంపులో వంట చేసేది కేరళ సముద్రపు ఒడ్డు నుంచి వచ్చిన మనిషి. శనివారం కాక మెస్‌లో ఆ కథ చెబుతుంటే అతను గరిట పట్టుకునే విన్నాడు. మంచు తగిలితే చేప కన్ను తెల్లబడుతుందని, ఇంతకీ మొప్ప చూశావా అని హిందీలో అడిగాడు. కాకకు కోపమొచ్చింది. మూడు తరాల నుంచి చేపలు పట్టినవాణ్ణి మొప్ప చూశావా అని అడుగుతాడా! కానీ వాళ్ళ ఊళ్ళో చేప నీళ్ళలోంచి బుట్టలోకి, బుట్టలోంచి కుండలోకి పోతుంది. మంచు మీద పడుకోబెట్టిన చేపను ఆయన ఎన్నడూ గమనించి చూసింది లేదు.

మంగళవారం వంటమనిషి పొద్దున్నే మార్కెట్ నుంచి చేపలు తెచ్చాడు. కాక అందులోంచి ఒకటి అడిగి తీసుకుని, బకెట్‌లో మంచు నింపి, ఒక కన్ను మంచుకు ఆనేట్టు పడుకోబెట్టి పనికి పోయాడు. సాయంత్రం వచ్చాక బట్టలైనా మార్చుకోకుండా బకెట్ ముందు గొంతుక్కూర్చున్నాడు. నేనూ అక్కడే ఉన్నాను. పైకి ఉన్న కన్ను నల్లగా నిగనిగలాడుతోంది. తిప్పాడు. మంచుకు తగిలిన కన్ను పాలు పోసినట్టు తెల్లగా ఉంది. మొప్ప ఎత్తాడు. ఎర్రగా, మందారంలా ఉంది.

చేపను ఇటూ అటూ ఇంకో రెండుసార్లు తిప్పి చూశాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "తమ్మీ, శాప ఒక్కటే. ఒక కన్ను తాజా అంటుంది, ఒక కన్ను కాదంటుంది. నేను కాదన్న కన్నునే చూసిన."

అప్పుడు చెప్పాను, యజమాని బంగ్లాదేశ్ మనిషిని ఏమన్నాడో. ఆయన మొహం చూడలేక బకెట్ వైపు చూస్తూ చెప్పాను. తిడతాడనుకున్నాను.

"గప్పుడే చెప్పకపోతివి" అన్నాడు అంతే.

మర్నాడు నేను హోటల్‌కు ఫోన్ చేశాను. కొత్త మనిషి ఎత్తాడు. పాతాయన వెనక గదిలో ఉన్నాడని, వీసా ఇచ్చిన కఫీల్ కూడా యజమానే కాబట్టి, దేశం వదిలిపోయే ఎగ్జిట్ కాగితం కొట్టించి అతన్ని ఇంటికి పంపేస్తున్నాడని, వచ్చే వారం ప్రయాణమని చెప్పాడు. ఈ దేశంలో ఆ మాటకు అర్థం ఏమిటో మా క్యాంపులో అందరికీ తెలుసు. ఒక మనిషి వీసా కోసం పడ్డ పాట్లు, వెనక ఇంట్లో పొయ్యి, అన్నీ ఆ కాగితంతో ముగిసిపోతాయి.

కాక ఆ శుక్రవారానికే అందరినీ బయల్దేరమన్నాడు. పోయినసారి వచ్చినవాళ్ళందరూ రావాలి, ఒక్కడు కూడా తగ్గకూడదు. ఒకడు ఆగలేక అన్నాడు. "కాకా, ఇప్పుడు పోయి చెప్తే ఇజ్జత్ పోతది. ఫోన్ల చెప్పరాదు?"

"ఇజ్జత్ పోతదా? అది పోయిన శుక్రారమే పోయింది. తెచ్చుకోనీకె పోతున్న."

"ఇంతమందెందుకు కాకా? నేనూ నువ్వూ పోదాం పా" అన్నాను నేను.

"తప్పు అందరి ముందల చేసిన తమ్మీ. చెవుల చెప్పి రమ్మంటవా?"

హోటల్ నిండా జనం. అరుగు దగ్గర కొత్త మనిషి తడబడుతూ చేపలు తూస్తున్నాడు. కాక పై గుండీ పెట్టుకుని, నేరుగా గల్లా ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. మేము పదిమందిమి వెనక. యజమాని తలెత్తి చూశాడు. కాక నన్ను పక్కకు లాక్కుని, "నేను చెప్త, నువ్వు అరబీల చెప్పు" అన్నాడు. చేతులు కట్టుకోలేదు, తల వంచలేదు. గోడలో లీకు ఎక్కడుందో చెప్పే గొంతుతోనే మొదలుపెట్టాడు.

"ఆ హామూర్ తాజాదే. నేను మొప్ప చూడలే, పొట్ట ఒత్తలే. దర్వాజల నిలబడి కన్ను చూసి అన్న. మంచు తాకితె కన్ను తెల్లబడ్తదని నాకు తెల్వదు. మాది చెర్ల శాప, సముద్రం శాప నాకు తెల్వదు. తెల్వనిది తెల్సినట్టు అన్న. తప్పు ఆయనది కాదు, నాది. ఆయనను తీసేయద్దు."

చుట్టూ వింటున్నారు. "పోయిన వారం పొరపాటు జరిగింది, క్షమించమంటున్నాడు" అని అరబీలో చెప్పి ఊపిరి పీల్చుకున్నాను.

కాక నావైపు తిరిగాడు. "గంతేనా?"

"చెప్పినా గదా కాకా."

"నేను గంతసేపు మాట్లాడిన, నువ్వు రెండు ముక్కల్ల తెంపినవ్. సమక్ అనలే. థల్జ్ అనలే. మంచు లేకుండ నా తప్పు ఎట్ల సమజైతది? మల్ల చెప్పు. అన్ని చెప్పు."

ఆయనకున్న ఇరవై మాటల్లో చేప, మంచు రెండూ ఉన్నాయి. నేను మళ్ళీ చెప్పాను. ఈసారి మంచు చెప్పాను, మొప్ప చెప్పాను, చెరువు చెప్పాను. 'తప్పు నాది' అన్న మాట దగ్గర నా గొంతు తగ్గితే కాక మోచేత్తో పొడిచాడు. గట్టిగా చెప్పాను. ఆ తర్వాత ఆయన అడగనిది కూడా ఒకటి చెప్పాను. మీరు అతన్ని రావద్దన్నప్పుడు నాకు అర్థమైందని, అయినా నోరు మూసుకుని తిన్నానని.

యజమాని గడ్డం నిమురుకున్నాడు. "పనివాళ్ళు వస్తారు, పోతారు. కూర్చోండి, తినండి" అన్నాడు.

కాక కదల్లేదు. "ఆయన అచ్చి ఏంచితెనే తింటం. లేకుంటే నిలబడ్తం" అన్నాడు. అదీ చెప్పాను. పరాయి దేశంలో పదకొండు మంది కూలీలు ఒకచోట నిలబడి మేం కదలం అనడం చిన్న మాట కాదు. ముసలాయన ఒక ఫోన్ చేస్తే చాలు.

యజమాని మొహం ఎర్రబడింది. "నీకేమవుతాడు అతను? తమ్ముడా?"

"ఏమి కాడు. ఆయన నోటికాడి బువ్వ నేను గుంజుకున్న, గందుకు."

ఈ మాటను అరబీలోకి తేవడానికి నేను తడుముకుంటున్నాను. పక్కన పిల్లల్తో కూర్చుని తింటున్న ఒక సౌదీ పెద్దమనిషి నేను అంతకుముందు చెప్పిందంతా విన్నాడు కాబోలు, చెయ్యి తుడుచుకుంటూ యజమానితో అన్నాడు. "వల్లాహ్, ఈ మనిషి నిజం చెబుతున్నాడు." అంత మాత్రమే అని మళ్ళీ తినడంలో పడ్డాడు.

యజమాని ఆయన్ని చూశాడు, మమ్మల్ని చూశాడు. కొత్త మనిషిని పిలిచి వెనక గదికి పంపాడు.

బంగ్లాదేశ్ మనిషి వచ్చాడు. వారం రోజుల గడ్డం, కళ్ళ కింద గుంటలు. యజమాని ఏదో తక్కువ గొంతుతో అన్నాడు. అతను తల ఊపి, మేకుకు వేలాడుతున్న ఏప్రాన్ తీసి కట్టుకున్నాడు. కాక అతని ముందుకు వెళ్ళి, తనకొచ్చిన కాస్త హిందీలో "భాయ్, గల్తీ మేరా" అన్నాడు. అతను కాక వైపు చూడలేదు. చేప తీసి తూచాడు, కోశాడు, నూనెలో వేశాడు. మాకు పళ్ళెం తెచ్చిపెట్టాడు. అంతసేపూ ఒక్క మాట లేదు.

ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా లేదు. ఎగ్జిట్ ఆగిపోయింది, అతను అక్కడే పని చేశాడు, మేము ప్రతి నెలా వెళ్ళాం. కాక వెళ్ళగానే "భాయ్, సలాం" అనేవాడు. అతను మాకందరికీ జవాబు చెప్పేవాడు, కాకకు చెప్పేవాడు కాదు. రెండేళ్ళు అట్లాగే గడిచింది. మాకు ఒళ్ళు మండేది. వేరే హోటల్‌కు పోదామని ఎన్నిసార్లన్నామో. "మాట్లాడకపోతె మాట్లాడకపాయె. శాప మంచిగ ఏంచుతున్నడు గద" అనేవాడు కాక. చేప ఎంచే పని మాత్రం ఆ రోజు నుంచి మానేశాడు. అరుగు ముందు నిలబడి, "నువ్వే చూడు" అన్నట్టు అతనికి చేయి చూపించేవాడు. అతను ఎంచింది తినేవాడు. అట్లాగని నా స్టోరు కిటికీ ముందు వేళ్ళతో కొలతలు చూపించడం మానలేదు. పైపుల దగ్గర ఆయన ఆయనే.

ఆయనకు అరవై నిండాయి. కంపెనీ ఇఖామా మళ్ళీ కొట్టించలేదు. వెళ్ళిపోయే ముందు శుక్రవారం చివరిసారి ఆ హోటల్‌లో తిన్నాం. పోతున్నానని కాక చెప్పాడు. బంగ్లాదేశ్ మనిషి విన్నాడు, చేప కోస్తూనే ఉన్నాడు. అది జరిగి నాలుగేళ్ళు.

ఫోనొచ్చిన మరుసటి శుక్రవారం నేను ఒక్కణ్ణే ఆ హోటల్‌కు వెళ్ళాను. ముసలాయన ఇప్పుడు రావడం లేదు, గల్లా కూడా బంగ్లాదేశ్ మనిషే చూసుకుంటున్నాడు. గడ్డం సగం నెరిసింది. కాక పోయాడని చెప్పాను. అతను తూకం మీద పెట్టిన చేపను తీసి పక్కన పెట్టాడు. చేతులు కడుక్కుని వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"మాఫ్ తో ఉసీ దిన్ కర్ దియా థా" అన్నాడు. ఆ రోజే క్షమించేశానని. క్షమించినా, నలుగురిలో పడ్డ అవమానం మరవలేక మొదట్లో మాట్లాడలేదట. తర్వాత అదీ పోయింది గాని, ఇన్నాళ్ళు మాట్లాడకుండా ఉండి ఇప్పుడెట్లా మొదలుపెట్టాలో తెలియలేదట. ఈ నెల మాట్లాడదాం, వచ్చే నెల మాట్లాడదాం అనుకుంటుండగా ఆయన వెళ్ళిపోయాడట. "ఇంట్లో ఎవరున్నారు? నేను మాట్లాడాలి" అన్నాడు.

కాక భార్యకు ఫోన్ కలిపాను. ఆమెకు హిందీ రాదు. అతను చెప్పింది నేను తెలుగులో చెప్పాను. ఆయన్ని నేను అప్పుడే క్షమించాను, ఆ మాట ఆయనకు చెప్పలేకపోయాను, మీరు నన్ను క్షమించండి అంటున్నాడు చిన్నమ్మా అన్నాను.

అవతల కాసేపు ఎవరివో మాటలు, పళ్ళేల చప్పుడు. తర్వాత ఆమె గొంతు.

"అయ్యో కొడుకా, మీ కాకకు ఎరుకే గది. అలిగినోని చేతిల ఉప్పు కుదురుతదా? ఆ అయ్య శాపల ఉప్పు ఒక్కనాడు తప్పలేదని ఇంటికచ్చినంక ఎన్నిసార్లన్నడో. నోటితోని మాట్లాడలే గని నాతోని మంచిగనే ఉన్నడు అన్నడు. రంది పెట్టుకోవద్దని చెప్పు."

అతనికి హిందీలో చెప్పాను. అతను మా మధ్య పెట్టిన ఫోన్ వైపు చూస్తూ కూర్చున్నాడు. అరుగు దగ్గర ఎవరో చేప చూపించి అతన్ని పిలిచారు. లేవలేదు. మళ్ళీ పిలిచారు. అప్పుడు కూడా లేవలేదు.